గురువులు పాలపిట్ట మీద కేసు

ఓడ వెనక భాగాన పేరు రాసేవాడు నేల మీద నిలబడి రాయడు. డెక్కు మీంచి తాళ్లతో వేలాడదీసిన పలక మీద కూర్చుని, కాళ్లు గాల్లో ఆడిస్తూ రాస్తాడు. ముక్కుకి జానెడు దూరంలో మనిషంత అక్షరం ఉంటుంది. అది తిన్నగా ఉందో, పక్కకి వాలిపోయిందో రాసేవాడికి కనపడదు. ఒడ్డు మీద ఒకడు నిలబడి "కొంచెం ఎడమకి, ఇంకాస్త కిందికి" అని అరుస్తూ ఉండాలి. గురువులు రాసేటప్పుడు మాత్రం ఒడ్డు మీద ఎవరూ అరవరు. అరిస్తే అతనికి కోపం.

కలకత్తా రేవులో మరమ్మతుకి వచ్చే ఓడలకి పేర్లు రాయడం గురువులు పని. గ్రీకు ఓడకి గ్రీకులోనూ, కొరియా ఓడకి కొరియా లిపిలోనూ రాశాడు. ఆ భాషల్లో ఒక్క ముక్క రాదు. ఆ మాటకొస్తే తెలుగు కూడా కూడబలుక్కునే చదువుతాడు. "సదివి రాస్తే తప్పులొస్తాయి, సూసి రాస్తే రావు" అంటాడు. తండ్రి బారువ పక్క పల్లె నుంచి వచ్చి ఇదే రేవులో బస్తాలు మోశాడు. గురువులు కుర్రతనంలో ఓడల తుప్పు గోకే పనిలో చేరాడు. తుప్పు కింద పాత రంగు ఉండేది, పాత రంగు కింద పాత పేరు ఉండేది. ఎవడో తెలియని పెయింటరు ఎక్కడ కుంచె ఆపాడో, ఎక్కడ తిప్పాడో చూస్తూ చూస్తూ చెయ్యి తిరిగేలా చేసుకున్నాడు. అదే అతని బడి.

ఇంత పనితనం ఉన్నా అతనిది రోజుకూలీయే. రేవు గేటు దగ్గర చూపించే పాసు ఒక్కటే అతని ఉద్యోగం. ఆ మనిషి మీద పోలీసు కేసుగానీ, కోర్టు కేసుగానీ లేదంటేనే ఏటా దాన్ని మళ్లీ ఇస్తారు. కేసు పడినవాడు గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడి లోపలి ఓడల్ని చూసుకోవలసిందే. అలా నిలబడేవాళ్లని గురువులు రోజూ చూస్తూనే ఉంటాడు.

ఇక పాలపిట్ట సంగతి.

ఏక్‌బాల్‌పూర్‌లో రేవు దగ్గర గురువులు ఉండే సందులో సగం ఇళ్లు శ్రీకాకుళం వైపు వాళ్లవి. కొందరిది రేవు పని, కొందరిది కార్పొరేషన్ పని. దసరా దశమి నాడు పాలపిట్టని చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని మన వైపు నమ్మకం కదా. ఆ సందులో కాకులున్నాయి, పావురాలున్నాయి, చేపల బజారు మీద తిరిగే గద్దలున్నాయి. పాలపిట్ట మాత్రం లేదు. గురువులు తల్లి జగ్గమ్మ పెళ్లయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ప్రతి దశమికీ డాబా ఎక్కి వెతికేది. వయసు మీద పడ్డాక మెట్లెక్కడం మానేసి, గుమ్మం ముందు స్టూలు వేసుకుని వెతికేది. ఒక ఏడు దశమి నాడు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఇన్నేళ్లయి పిట్టని సూడనేదు. అందుకే మీ అయ్య అర్ధంతరంగా ఎల్లిపోనాడు. అందుకే నీకు పెర్మినెంటు అవనేదు."

పెర్మినెంటు కాకపోవడానికి కారణం పిట్ట కాదని, మేస్త్రీ అని గురువులుకి తెలుసు. వాదించడం అతనికి చేతకాదు. చెయ్యడం వచ్చు. మరుసటేడు జీలుగు బెండు తెచ్చాడు. మన వైపు పెళ్లిళ్లకి బాసికాలు కట్టేదీ, ఈ ఊళ్లో అమ్మవారి కిరీటాలకి వాడేదీ ఆ బెండే. ఇక్కడ షోలా అంటారు. దానితో పిట్టని చెక్కి, రంగు వేసి, దశమి తెల్లారకముందే లేచి, సందు మీదుగా పోయే పాత టెలిఫోన్ తీగ మీద కొక్కెం ఉన్న వెదురుగడతో కూర్చోబెట్టాడు. ఆ తీగలో మాటలు పోవడం మానేసి చాలా కాలమైంది.

జగ్గమ్మ చూసింది. చేతులు జోడించింది. చేతులు దించి, "అది లకుముకి పిట్టరా. మరీ నీలంగా ఉన్నాది. పాలపిట్ట రేపేడు వస్తాదిలే" అంది.

తప్పు తనదేనని గురువులుకి తెలిసిపోయింది. పాలపిట్ట కూర్చుని ఉన్నప్పుడు నీలం అంతా చూపించదు. రొమ్ము దగ్గర మట్టి రంగు, దాని మీద సన్నటి తెల్ల చారలు, రెక్క అంచున కాస్త నీలం, అంతే. ఆ అసలు నీలాన్ని ఎగిరినప్పుడే విప్పుతుంది. ఆ సంగతి కనుక్కోవడానికి రేవుకి అవతల పొలాల దాకా వెళ్లి రోజంతా కూర్చున్నాడు. తరవాతి ఏడు పిట్ట తయారైంది. కళ్లకి పెళ్లాం అప్పమ్మ నల్లపూసలు రెండు పీకి పెట్టాడు. "మంగళసూత్రం పిట్టకి కట్టీ" అని అప్పమ్మ సాధించింది గానీ, మర్నాడు పొద్దున్నే తీగ కింద అందరికంటే ముందు నిలబడి దండం పెట్టింది కూడా ఆవిడే.

అప్పటి నుంచీ సందులో అదొక ఆచారమైపోయింది. దశమి పొద్దున జనం తీగ కింద చేరతారు. అది బెండని అందరికీ తెలుసు. కానీ పొద్దు నడినెత్తికి వచ్చేదాకా బొమ్మ అనే మాట ఎవరి నోటా రాకూడదు. అంటే ఆ ఏడు చూసినవాళ్లందరి చూపూ వృథా. ఒక ఏడు ఎవరో గుంటడు "బెండు పిట్ట" అన్నాడు. ఆ నెలలోనే పక్కింటి వాళ్ల నీళ్ల మోటారు కాలిపోయింది. ఇంకేం కావాలి? సాయంత్రం గురువులు ఎవరూ చూడకుండా పిట్టని గంగలో వదిలేస్తాడు. మరుసటేడు కొత్తది చేస్తాడు.

కిందటేడు గురువులు కూతురు పూజిత ఆ పిట్టని ఫోన్లో ఫొటో తీసి, "మా వీధి నీలకంఠం, ప్రతి ఏడూ వస్తుంది" అని రాసి నలుగురికీ పంపింది. అది నలుగురితో ఆగలేదు. పక్షుల్ని చూసేవాళ్ల గుంపొకటి పట్టుకుంది. ప్రతి ఏడూ అదే తీగ మీద, అదే చోట, అదే వాలుగా పక్షి ఎలా కూర్చుంటుంది? ఎవడో కాళ్లు కట్టేసి కూర్చోబెడుతున్నాడని తేల్చారు. అటవీ శాఖకి ఫిర్యాదు వెళ్లింది.

బెంగాలీలకి కూడా ఆ పిట్ట పవిత్రమే. వాళ్లు నీలకంఠ పాఖీ అంటారు. పాతకాలపు జమీందారీ ఇళ్లలో దశమి నాడు దాన్ని పంజరంలోంచి వదిలేవాళ్లు. అమ్మవారు పుట్టింటి నుంచి బయల్దేరిందని శివుడికి అది కబురు చెబుతుందట. తరవాత ఆ పని నేరమైంది. దొంగచాటుగా పట్టి అమ్మేవాళ్లు మాత్రం ఈ పండగ రోజుల్లోనే తిరుగుతారు. అందుకే దశమి వచ్చిందంటే అటవీ శాఖ వాళ్లకి కంటి మీద కునుకుండదు.

ఈ దశమి నాడు జీపు సరిగ్గా సందు మొగలో ఆగింది. దిగినవాడు రేంజర్ జయదేవ్ బాబు. పక్షులంటే నిజంగానే ప్రాణమున్న మనిషి. పంజరాల్లో కుక్కి తెచ్చిన పిట్టలు చేతిలోనే చచ్చిపోవడం చూసినవాడు. నేరం జరిగిన చోట సాక్ష్యాన్ని ఎలా కాపాడాలో అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం నేర్పే శిక్షణకి వెళ్లి, వారం క్రితమే తిరిగొచ్చాడు. చేతికి తెల్ల తొడుగులు, మెడలో దుర్బిణి, చంకలో పసుపు రంగు రిబ్బను చుట్ట. వెనకాల దిగినవాడు అభిజిత్. కుర్ర లాయరు. పర్యావరణ నేరాలకి మన దేశంలో ఏం శిక్షలున్నాయి, బయటి దేశాల్లో ఏమున్నాయి అని పోల్చి పుస్తకం రాస్తున్నాడు. భవానీపూర్‌లో ఇంట్లో కూర్చుని రాస్తే సరిపోదని, ఒక పట్టివేత కళ్లారా చూద్దామని వచ్చాడు.

జయదేవ్ దుర్బిణి ఎత్తి చాలాసేపు చూశాడు.

"కన్ను తడిగా ఉంది. బతికే ఉంది" అన్నాడు బెంగాలీలో. "భయంతో కదలడం లేదు. ఎవరూ ముట్టుకోవద్దు. పశువుల డాక్టర్ వచ్చేదాకా ఈ చోటు మాది."

ఆ స్తంభం నుంచి ఈ స్తంభానికి పసుపు రిబ్బను కట్టేశారు. దండాలు పెడుతున్న జనం రిబ్బను కిందనించి దూరి మరీ పెట్టారు.

"ఈ పక్షి ఎవరిది?"

సందుకి పెద్దలా వ్యవహరించేవాడు వెంకటేశు. కార్పొరేషన్‌లో చెత్త బండి పని. ఎక్కడ నలుగురు చేరినా ముందు మాట అతనిదే. "మా గురువులుదే, దాదా!" అన్నాడు గర్వంగా, తెలుగూ బెంగాలీ కలిపి. "మాకు ప్రతి ఏడూ చూపిస్తాడు."

"నిజం పక్షేనా?"

వెంకటేశు సూర్యుడి వంక చూశాడు. నడినెత్తికి ఇంకా చాలా టైముంది. "పిట్ట కాపోతే ఏటి? నిజం పిట్టే! పిల్లప్పట్నుంచీ మావోడి చేతి మీద పెరిగింది. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతాది."

అతను సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. అదే నమ్మకంతో మిగతావాళ్లు కూడా తలో మాట అందించారు. రేవులో క్రేను నడిపే ఆయన దాని కూత విన్నానన్నాడు. ఇంకొకావిడ తన కళ్ల ముందే మిడత తిందంది. జయదేవ్ పక్కనున్న గార్డు అన్నీ రాసుకుని సంతకాలు తీసుకుంటున్నాడు. సంతకం పెట్టే అవకాశం వస్తే వదులుకునేవాళ్లు ఆ సందులో లేరు.

అప్పమ్మ మొగుడి చెవిలో బుసకొట్టింది. "ఏటి మావా, అలా గుడ్లప్పగించి సూస్తన్నావు? కేసు రాసేస్తన్నారు. పాసు పోతాది. రేపట్నించి ఏ ఓడకి రాస్తావు, నా మొకానికి రాస్తావా?"

గురువులు తల్లి వైపు చూశాడు. జగ్గమ్మ స్టూలు మీద కూర్చుని, లావుపాటి కళ్లద్దాల్లోంచి తీగ వంకే చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. మొక్కులేవో చెప్పుకుంటోంది. ఆవిడకి బెంగాలీ కూరగాయల బేరం వరకే వచ్చు. అది గుర్తొచ్చి గురువులుకి కాస్త ఊపిరాడింది. జయదేవ్ దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి, బెంగాలీలో చెప్పాడు.

"దాదా, అది షోలా. నేను చేసిన బొమ్మ."

జయదేవ్ నవ్వాడు. "పట్టుబడిన ప్రతివాడూ ఇదే అంటాడు. ముందటేడు ఒకడు మట్టి పిట్ట అన్నాడు. అది నా వేలు కొరికింది."

"ఒట్టు, దాదా."

"ఇంతమంది సంతకాలు పెట్టారు, నువ్వొక్కడివే కాదంటావు. పోనీ చచ్చిన పక్షిలో దూది కూరావా? అదీ నేరమే."

దూది కూరిన పక్షి అనేసరికి గురువులుకి ఒళ్లు మండింది. దూది కూరిన పిట్ట మొహాన ప్రాణం ఉంటుందా? మెడ దగ్గర ఆ వాలు ఉంటుందా? ఆ మాట పైకి అనబోయేంతలో వెంకటేశు వెనకనించి అతని నోరు మూశాడు.

"ఒరే, ఆ మాట అనకురా! పొద్దు తిరగనేదు. నా కూతురి సంబంధం ఈ వారమే కుదరాలి!"

డాక్టర్ ఇంకా రాలేదు. నిమజ్జనాల ఊరేగింపులతో రోడ్లన్నీ నిండిపోయి ఎక్కడో ఇరుక్కున్నాడట. ఈలోగా మబ్బు పట్టి వాన మొదలైంది. గురువులు ప్రాణం లేచొచ్చింది. రంగు కారితే చాలు, బండారం బయటపడుతుంది, తను ఒక్క మాట అనక్కర్లేదు. అందరూ టీ కొట్టు టార్పాలిన్ కిందికి పరిగెత్తి, మెడలు సాచి తీగ వంక చూశారు. వాన దంచి కొట్టింది. సందులో నీళ్లు పారాయి. పిట్ట మీద నీటి బొట్లు పూసల్లా జారి పడ్డాయే తప్ప ఒక్క చుక్క రంగు రాలేదు.

రాదు. అది ఓడల రంగు. ఉప్పునీళ్లలో ఏళ్ల తరబడి ఉండాల్సిన రంగు. బజార్లో దొరికే చవక రంగు వేసి ఉంటే ఈపాటికి నీలం నీళ్లు కారేవి, తను ఇంటికెళ్లి అన్నం తినేవాడు. మంచి సరుకు వాడినందుకు గురువులు జీవితంలో మొదటిసారి తనని తాను తిట్టుకున్నాడు.

"చూశావా?" అన్నాడు జయదేవ్. "ఈకల మీద నీళ్లు ఎలా జారుతున్నాయో. ప్రకృతి!"

వాన తగ్గేదాకా చేసేదేం లేక అభిజిత్ టీ తాగుతూ గురువులుకి చట్టం వివరించాడు. మంచి కుర్రాడే, కంగారు పెట్టాలని కాదు.

"మన వన్యప్రాణుల చట్టంలో ఒక చిత్రం ఉంది, దాదా. రక్షిత పక్షి నీ దగ్గరుందని వాళ్లు చూపిస్తే చాలు. తప్పు చెయ్యలేదని నువ్వే రుజువు చేసుకోవాలి. మామూలు నేరాల్లో అలా ఉండదు. రుజువు కాకపోతే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు."

అప్పమ్మ తల పైకెత్తింది. టీ కొట్టు ఎదురుగోడ వెనక పాత కేబుళ్లు కాల్చి రాగి తీసే కొట్టు ఒకటుంది. వానలోనూ అక్కణ్నించి నల్లటి పొగ లేస్తోంది. మాట్లాడుతున్న అభిజితే మధ్యలో రెండుసార్లు దగ్గాడు.

"మరి ఆ పొగో?" అంది అప్పమ్మ, తనకొచ్చిన బెంగాలీలో. "అది మా పిల్లల గొంతులో దిగుతోంది. దానికెన్నేళ్లు?"

అభిజిత్ మొహం వెలిగింది. అతని పుస్తకం అంతా ఆ ప్రశ్నే మరి. "ఇదివరకు గాలి చట్టంలో జైలుండేది. ఈ మధ్య చాలావాటికి అది తీసేసి జరిమానా పెట్టారు. ఆ జరిమానా కట్టకపోతే అప్పుడు జైలు. యూరప్‌లో ఇప్పుడు దానికి ఎదురు దారిలో పోతున్నారు. గాలి, నీరు, నేల ఘోరంగా పాడుచేస్తే కంపెనీ మొత్తం రాబడిలో వాటా లాక్కునేలా, పెద్దవాళ్లు జైలుకి పోయేలా కొత్త నియమం పెట్టుకున్నారు."

"అయితే మనోళ్లు ఇక్కడ పొగ వెయ్యాలి, అక్కడికెళ్లి పిట్టల్ని పెంచాలి" అన్నాడు వెంకటేశు.

"అక్కడా పిట్టని పట్టకూడదు, దాదా."

"పిట్టకి ఎక్కడైనా చట్టం ఉన్నాదన్నమాట. మనిషికి అక్కడే ఉన్నాది" అని తేల్చాడు వెంకటేశు.

అభిజిత్ గబగబా ఫోన్ తీసి ఆ మాట రాసుకున్నాడు. అప్పమ్మ జయదేవ్ వైపు తిరిగింది. "బాబూ, ఎలాగూ రిబ్బను తెచ్చుకున్నారు కదా. దానికీ కాస్త కట్టి పోండి."

"అది నా శాఖ కాదు, దీదీ. కాలుష్యం బోర్డు చూడాలి." జయదేవ్ ఇబ్బందిగా నవ్వి దగ్గాడు. "ఆ పొగలో కూర్చోబెట్టడం పక్షికి కూడా మంచిది కాదు. ఆ పాయింటు కూడా రాయండయ్యా."

గార్డు ఆ పాయింటు కూడా గురువులు మీదే రాశాడు.

వాన వెలిసింది. ఇక డాక్టర్ రాలేనని ఫోన్ చేశాడు. జయదేవ్ గడియారం చూసుకుని నిర్ణయానికొచ్చాడు. పక్షిని వలతో దింపి, సీలు వేసి, పరీక్షకి పంపిస్తారు. గురువులు ఆఫీసుకి రావాలి, కేసు నమోదు చేస్తారు. బొమ్మే అయితే పరీక్షలో తేలుతుంది, అప్పుడు కేసు కొట్టేస్తారు.

"ఎప్పటికి తేలుతుంది, దాదా?" అన్నాడు గురువులు.

"ముందు పంపినవాటికే ఇంకా రాలేదు" అన్నాడు జయదేవ్ నిజాయితీగా.

పాసు వచ్చే నెలలో మార్పించుకోవాలి. గురువులు కళ్ల ముందు గేటు బయట టీ కొట్టు కనపడింది. అక్కడ తను నిలబడ్డాడు. లోపల ఎవడో కొత్తవాడు పలక మీద వేలాడుతూ, ఒడ్డు మీంచి పదిమంది అరుస్తుండగా, ఒక మంచి ఓడకి వంకర పేరు రాస్తున్నాడు. జైలు కన్నా ఆ వంకర పేరే ఎక్కువ బాధపెట్టింది.

గురువులు వెనుదిరిగాడు. ఇంట్లోకి వెళ్లి వెదురుగడ తెచ్చాడు. రిబ్బను దాటాడు.

"ఏయ్, సాక్ష్యం! ముట్టుకోవద్దు!" జయదేవ్ అరిచేలోపే కొక్కెం తీగకి తగిలింది. పిట్ట మెల్లగా దిగి అతని అరచేతిలో వాలింది. ఎంత మెల్లగా అంటే, చూస్తున్నవాళ్లలో కొందరు అలవాటు కొద్దీ మళ్లీ దండం పెట్టారు.

"మావా, వొద్దు" అంది అప్పమ్మ. ఇందాక తొందరపెట్టింది ఆవిడే.

బెండు కోసే కత్తి అతని జేబులో ఉంది. ఎన్ని ఓడల మీద రాశాడో లెక్క లేదు, కానీ తయారైన పనిని చేజేతులా పాడుచేయడం అతనికి ఇదే మొదటిసారి. రొమ్ము దగ్గర కత్తి పెట్టాడు. చారలు ఎక్కడ మొదలవుతాయో అక్కడ వేలు ఒక్క క్షణం ఆగింది. తరవాత రొమ్ము నుంచి తోకదాకా ఒకే కోతతో చీల్చేశాడు.

రెండు ముక్కలూ రెండు చేతుల్లో పడ్డాయి. లోపల తెల్లగా, మెత్తగా, మల్లెపువ్వులా బెండు.

ఎక్కడో పక్క వీధిలో అమ్మవారి ఢాక్ డోలు మోగుతోంది. వెంకటేశు సూర్యుడి వంక చూసి నుదురు కొట్టుకున్నాడు. నడినెత్తికి ఇంకా రాలేదు.

జయదేవ్ దగ్గరికొచ్చాడు. తొడుగులు తీసేసి, ఒట్టి వేళ్లతో తెల్ల బెండుని తడిమాడు. పైన రంగు ఎక్కడ ఆగిందో, ఈకల గీతలు ఎంత లోతుకి పోయాయో చూశాడు. "బాపరే" అన్నాడు మెల్లగా. "ఈ మెడ వాలు ఎలా పట్టావు? నా శిక్షణలో చూపించిన బొమ్మకి కూడా ఇది లేదు."

ఇన్నేళ్లలో ఎవరో ఒకరు ఆ మాట అడుగుతారని గురువులు ఎదురుచూశాడు. అడిగినవాడు జీపులో వచ్చాడు, అది కూడా పిట్టని కోసేశాక. జవాబు చెప్పబోయాడు. ఈలోగా అభిజిత్ అడ్డుపడ్డాడు.

"సర్, ఇక్కడొక చిక్కుంది. ఇది షోలాయే, ఒప్పుకుంటాను. కానీ సాక్షులందరూ బతికున్న పక్షిని చూశామని సంతకాలు పెట్టారు. కూత విన్నారు, మిడత తినడం చూశారు. మరి ఆ పక్షి ఏమైంది? మనం టార్పాలిన్ కింద ఉన్నప్పుడు మార్చేశారేమో అని రేపు ఎవరైనా అడిగితే?"

జయదేవ్ మొహం మళ్లీ ముడుచుకుంది. తొడుగుల కోసం జేబులో వెతుక్కున్నాడు. గార్డు కలం తీశాడు. వెంకటేశు తన సంతకం వెనక్కి తీసుకుంటానని చెయ్యి చాచాడు. సంతకం వెనక్కి ఇవ్వరన్నారు.

అప్పమ్మ ఆ మాటలు తెలుగులో చెవిన వెయ్యగానే జగ్గమ్మ స్టూలు మీంచి లేచింది.

"పూజితా, ఇలా రాయే. ఆ బాబుకి సెప్పు."

పూజిత తండ్రి చేతిలోని ముక్కల్ని తన చున్నీతో కప్పేయబోయింది. జగ్గమ్మ ఆ చున్నీ పక్కకి లాగి, ముక్కల వంక ఒకసారి చూసి, ఎండు చేప బాగాలేదని తిప్పి కొట్టినట్టు చెయ్యి విదిలించింది.

"ఇది బొమ్మ. ఇది గుడ్డోడికి కూడా తెలుస్తాది. పొద్దున నాను సూసినది పిట్ట. అది వానకి ఎగిరిపోనాది. పిట్ట అన్నాక ఎగరదేటి? అది పోతే ముసిల్ది ఏడుస్తాదని మావోడు గబగబా ఈ బొమ్మ ఎట్టినాడు. ఎర్రిబాగులోడు. ఎవులైనా దీనికి జైల్లో ఎడతారేటి? సెప్పవే."

పూజిత మనవరాలి భక్తితో, ఒక్క ముక్క వదలకుండా బెంగాలీలోకి మార్చి చెప్పింది.

తరవాత వెంకటేశు గొంతు సందు అదిరేలా లేచింది. "అవును! ఎగిరిపోనాది! నా కళ్లారా సూసినాను!"

"రెక్కలిప్పితే ఆ నీలం, ఓలమ్మ!" అంది మిడత చూసినావిడ.

"ఎగిరేటప్పుడు కూడా కూసింది" అన్నాడు క్రేనాయన.

జయదేవ్ అభిజిత్ వైపు చూశాడు. "బొమ్మ పెట్టుకోవడం నేరమా?"

"కాదు సర్."

"తనంతట తాను వచ్చి తీగ మీద వాలి, తనంతట తాను ఎగిరిపోయిన పక్షి?"

అభిజిత్ ఆలోచించాడు. తెలిసిన దేశాలన్నీ మనసులో తిరిగొచ్చాడు. "ఏ దేశంలోనూ కాదు సర్."

జయదేవ్ చాలాసేపటికి మనస్ఫూర్తిగా నవ్వాడు. ఈ దశమికి అతని చేతిలో ఒక్క పిట్టా చావలేదు. రిబ్బను చుట్టేయమని గార్డుకి చెప్పి, స్టూలు మీద కూర్చుని తనే రిపోర్టు రాయడం మొదలుపెట్టాడు. నేరం లేదు. నిందితుడు లేడు. చివర్లో ఒక గడి ఖాళీగా మిగిలింది. కొత్త పద్ధతి ప్రకారం అది నింపకపోతే రిపోర్టు పూర్తికాదు.

"పక్షి ఏ దిక్కుగా ఎగిరిపోయింది?" అని అడిగాడు.

సందులో అందరి చేతులూ ఒక్కసారిగా లేచాయి. వెంకటేశు పడమట మెటియాబ్రుజ్ వైపు చూపించాడు. క్రేనాయన తూర్పున భవానీపూర్ వైపు. అప్పమ్మ తిన్నగా ఆకాశంలోకి. ఎవరి వేలు ఎటు ఉందో చూసుకుని ఎవరూ మార్చుకోలేదు. గురువులు ఎడమ చేతిలో రెండు బెండు ముక్కలున్నాయి. కుడి చెయ్యి కత్తితో సహా తనంతట తానే లేచి, గంగ వైపు చూపించింది.